పొలానికి పెట్టిన దీపాలు

నాటిన 58వ రోజు

పొద్దున్నే గట్ల చుట్టూ తిరిగి వచ్చాను. మడుల్లో నీళ్లు చీలమండ లోతు ఉన్నాయి. తూర్పు గట్టుకి ఎండ్రకాయలు మూడు చోట్ల బొరియలు పెట్టాయి, మట్టితో పూడ్చాను. వరి ఒత్తుగా, నా నడుం దాకా లేచింది. ముఖం పెట్టి పడుకోవాలనిపించేంత పచ్చగా ఉంది.

ఇది పద్నాలుగో వలస పొలం పుస్తకం. రాసేది నూకరత్నం, వయసు యాభై ఎనిమిది. నాట్లు పడిన రోజు నుంచి కోత దాకా పొలంలో ఏం జరిగిందో రోజూ రాసి ఉంచాలని సమాఖ్య వాళ్ల నియమం. వాళ్లు చదువుతారో లేదో నాకు తెలీదు. నాకు మాత్రం రాయనిదే అన్నం సహించదు.

ఇవాళ గొడవ కూడా పడ్డాను, అదీ రాయాలి. నీళ్ల ట్యాంకు వెనక మడి సన్యాసి నాయుడిది. మా టీ కొట్టు అతనిదే. ఆ మడి గట్టు మీద నాలుగు దీపాలు వెలగాలి, అతనికీ పెళ్లానికీ ఇద్దరు పిల్లలకీ. నాలుగూ వెలగడం లేదు. వెళ్లి చూస్తే బ్యాటరీలు లేవు. కొట్టులో నీళ్ల కాగు కింద ఉన్నాయి.

"సన్నేసీ, సిగ్గుండాలి. ఊరంతా పొలానికి దీపం పెడితే నువ్వు పెట్టిన దీపంలో బ్యాటరీ పీకీసి టీ కాసుకుంటావా?" అన్నాను.

"వరికి దీపం దేనికి పిన్నీ? అది రాత్రేల పుస్తకం సదవాలేటి?"

కొట్టు ముందు కూర్చున్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "తిన్న ముద్ద ఎక్కణ్ణించి వచ్చినాదో గుర్తుండాలిరా మనిషికి," అన్నాను.

"గుర్తుంది కాబట్టే కదా పొద్దున్నే మీకందరికీ టీ పోస్తన్నాను. బ్యాటరీ లేపోతే నీళ్లు మరగవు పిన్నీ. కావాలంటే నీ గ్లాసులో రొండు అల్లం ముక్కలు ఎక్కువేస్తాను, కోపం తగ్గించుకో."

కృతజ్ఞత లేని మనిషని అందరి ముందూ అనేసి వచ్చాను. టీ తాగే వచ్చాననుకోండి.

నాటిన 70వ రోజు

వాన. గట్లు దిట్టంగా ఉన్నాయి. పొట్ట రాలేదు. కాండం లోపల వెన్ను కట్టి ఉబ్బడానికి ఇంకా టైముంది.

దీపాల సంగతి నేనే రాయాలి. మొదలుపెట్టింది నేనే.

నేను పుట్టి పెరిగిన నగరంలో ఊరు నడుమ ఉండేది. చుట్టూ పాలవాళ్లు, వాళ్ల అవతల కూరలవాళ్లు, అసలు కంటికే కనపడనంత దూరంలో ఎక్కడో వరి. నేను ముప్పై రెండు అంతస్తుల భవనంలో లిఫ్టు మెకానిక్‌ని. అక్కడి పిల్లల్ని బియ్యం ఎక్కణ్ణించి వస్తాయని అడిగితే లిఫ్టులోంచి అనేవారు. వాళ్లని చూసి నవ్వేదాన్ని కానీ నాకూ అంతకన్నా ఎక్కువేం తెలీదు. ఊరు పెరిగి పెరిగి దగ్గరున్న మడుల్ని మింగింది, తర్వాత దూరంగా ఉన్నవాటిని మింగింది. చివరికి సముద్రం వచ్చి ఊరినే మింగింది. పదకొండేళ్లు శిబిరంలో పొట్లాల పొడి నీళ్లలో కలుపుకొని తాగాం. ఆ పొడి రుచి ఇప్పటికీ కలలో వస్తుంది.

ఆ తర్వాత సమాఖ్య ఈ కొండల మీద వలసలు కట్టింది. ఈసారి ఊరిని తిరగేసి కట్టారు. నడుమ నూట యాభై ఎకరాల వరి, దాని చుట్టూ కూరమళ్లు, వాటి చుట్టూ ఇళ్లు, ఇళ్ల వెనక పశువులు, ఆ వెనక అడవి. ఎవరి గుమ్మంలో నిలబడినా తినబోయే అన్నం ఎదురుగా కనిపిస్తుంది. పొలం పెట్టగలిగినంత మందే ఊళ్లో ఉండాలి. ఒక్క మనిషి ఎక్కువైనా కుదరదు.

మొదటి పంట కోసిన సాయంత్రం వేడి అన్నం నోట్లో పెట్టుకుని ఏడ్చాను. ఏం చెయ్యాలో తోచలేదు. మా లిఫ్టులో కరెంటు పోతే వెలిగే చిన్న తెల్లదీపం ఒకటి శిబిరం దాకా నాతో వచ్చింది. దాన్ని వెదురుకర్రకి కట్టి గట్టు మీద పాతాను. పొలానికి దండం పెట్టడం నాకు రాదు, మాకెవరూ నేర్పలేదు. నాకొచ్చింది దీపం వెలిగించడమే. మర్నాడు పక్కింటివాళ్లు ఇంకోటి పాతారు. నెల తిరక్కుండా మనిషికో దీపం చొప్పున గట్లన్నీ నిండాయి. ఎవరైనా పుడితే దీపం పెడతాం. పోయినవాళ్ల దీపం కూడా తియ్యం. ఇప్పటికి తొమ్మిది వందల ముప్పై అయ్యాయి. చీకటి పడుతుంటే అవన్నీ ఒక్కసారే వెలుగుతాయి. ఊరంతా నన్ను దీపాల పిన్నమ్మ అంటుంది. ఆ పేరు నాకు ఎంత ఇష్టమో ఇక్కడ రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

నాటిన 79వ రోజు

పొట్ట రాలేదు. ఈపాటికి రావాలి.

ఈ ఏడు మేం నాటింది గోరింకముక్కులు. గింజ కొస పసుపుపచ్చగా గోరింక ముక్కులాగా ఉంటుంది. మొదటి రెండేళ్లూ సమాఖ్య వాళ్లే విత్తనం ఇచ్చారు. అది ఏ కాలంలో నాటినా తొంభై రోజులకి పండేది కానీ మళ్లీ విత్తుకోవడానికి పనికొచ్చేది కాదు. మూడో ఏడు ఊరు తన విత్తనం తానే తెచ్చుకుని, పండించుకుని, మళ్లీ ఏటికి దాచుకోవాలి. అప్పుడే ఊరు నిలబడినట్టు. లేదంటే విప్పేస్తారు. మా ఇళ్ల గోడలు బోల్టులతో బిగించినవి, విప్పడానికి ఇంటికి అరపూట చాలు. మమ్మల్ని ఐదు వలసల్లో ఖాళీ ఉన్నచోట ఇద్దర్నీ ముగ్గుర్నీ చొప్పున సర్దుతారు. అన్నదమ్ములు ఒక్కచోట పడతారన్న హామీ లేదు.

నూట ఇరవై ఒకటో రోజున సమాఖ్య నుంచి కొలతల అధికారి వస్తుంది. ఆ రోజుకి సగం పొలమన్నా ఈని, వెన్ను బయటికి కనిపించాలి.

గోరింకముక్కులు తెచ్చింది మండంగి తవిటయ్య బాబాయి. ఎనభై ఏళ్లుంటాయి. సముద్రం వచ్చినా, శిబిరాలొచ్చినా, ఆయన ఇంటివాళ్లు కొండ మీద ఏటా గుప్పెడు మడిలోనైనా ఆ వడ్లు పండించి దాచారు. మేం వెళ్లి అడిగితే ఇచ్చేసి, వాటి వెనకే ఆయనా వచ్చి మాతో ఉన్నాడు. రెండు కళ్లకీ శుక్లాలు. ఆరో వలసలో ఆపరేషన్ల వరుసలో పేరుంది, వంతు రాలేదు. మబ్బులాగా పగలు తెలుస్తుందట, అంతే.

ఇవాళ చెయ్యి పట్టుకుని పొలంలోకి తీసుకెళ్లాను. దుబ్బు పట్టుకుని కాండాన్ని వేళ్ల మధ్య నొక్కి చూశాడు. ఇంకో దుబ్బు. ఇంకో మడి.

"బలంగానే ఉన్నాదమ్మా. తెగులు లేదు. మరెందుకు పొట్టకి రాలేదో. మా తాత కాలం నించీ ఇలాగెప్పుడూ జరగలేదు," అన్నాడు.

"మన్ను పడలేదేమో బాబాయ్."

"మన్ను పడపోతే ఇంత పచ్చగుంటాదేటి?"

పచ్చగడ్డి చూసి మురిసిపోతున్నాం అందరం.

నాటిన 84వ రోజు

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నీళ్ల ట్యాంకులో తేలే బంతి ఇరుక్కుందంటే పైకెక్కాను. లిఫ్టులు బాగుచేసిన చేతికి అదో పెద్ద పని కాదు. సరిచేసి కిందికి చూస్తే పొలమంతా ఒకే పచ్చ. ట్యాంకు వెనక ఒక్క మడి మాత్రం రంగు తేడాగా ఉంది. దిగి పరిగెత్తాను. ఆ మడి ఈనేసింది! వెన్నులు బయటికొచ్చి, సన్నటి తెల్లపూతతో ఊగుతున్నాయి.

అది సన్యాసి నాయుడి మడి.

టీ కొట్టుకి వెళ్లి చొక్కా పట్టుకున్నాను. "ఏం వేశావురా మడిలో? ఏం మందు దాచుకున్నావు? ఊరంతా మునిగిపోతంటే నీ మడి ఒక్కటీ పండించుకుంటావా?"

"ఏటి పిన్నీ, మందేటి? ఆ మడిలో నాను కలుపు కూడా తియ్యలేదు, ఒట్టు!" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. తనని తాను కాపాడుకోవడానికి ఎవరూ చెప్పుకోని సాక్ష్యం అది. నమ్మక తప్పలేదు.

గొడవకి తవిటయ్య బాబాయి కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. మడిలోకి దిగి వెన్నుల మీద అరచెయ్యి ఆనించి అలాగే కాసేపు నిలబడ్డాడు. తర్వాత అడిగాడు. "సన్నేసీ, అందరూ చేసి నువ్వు చెయ్యని పనులేటో సెప్పు. సిగ్గుపడకుండా సెప్పు."

"కలుపు తియ్యలేదు తాతా. గట్టు సరిగ్గా ఎయ్యలేదు. నాట్లప్పుడు పాట పాడలేదు, నా గొంతు బాగోదు. దీపం ఎట్టలేదు, ఆ మాట పిన్ని ఊరంతా సెప్పీసింది."

"దీపమా?" అన్నాడు బాబాయి. "దీపం పెడతారని విన్నాను. నూనె దీపమే కదా, గాలొస్తే ఆరిపోయేది?"

"కాదు తాతా, బ్యాటరీది," అన్నాడు సన్యాసి. ఆయన నా వైపు తిరిగాడు. "అమ్మా, రాత్రి ఎంత చీకటిగా ఉంటాది ఈ ఊర్లో?"

"చీకటెక్కడిది బాబాయ్? పొలంలో సూది పడినా ఏరుకోవచ్చు," అన్నాను గొప్పగా. అనేశాక కూడా నాకు అర్థం కాలేదు. ఆయన గట్టు మీద చతికిలబడటం చూశాక అర్థమైంది.

"ఈ వడ్లు పగళ్లు లెక్కపెట్టవమ్మా. రాత్రులు లెక్కెడతాయి. చలికాలమొచ్చి రాత్రి పొడుగవుతోందని తెలిస్తేనే పొట్టకొస్తాయి. మీరు దానికి రాత్రన్నదే లేకండా చేసీసినారు."

సమాఖ్య విత్తనానికి రాత్రితో పని లేదు. అందుకే రెండేళ్లూ మాకు తెలియలేదు. సన్యాసి మడికి సొంత దీపాలు వెలగలేదు, పక్కవాళ్ల వెలుగు పడకుండా ట్యాంకు అడ్డుంది. ఊళ్లో చీకటి మిగిలిన మడి అదొక్కటే.

ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను. ఊరికి అన్నం పెట్టిన పొలాన్ని నా చేతులతో నేనే నిద్రపోనివ్వలేదు.

నాటిన 85వ రోజు

ట్యాంకు కింద ఊరి కూటం. నేనే లేచి చెప్పాను. తప్పు నాదని, మొదటి దీపం నాదని, నన్ను చూసే మీరంతా పెట్టారని.

దీపాలు తీసేద్దాం అనగానే గోల మొదలైంది. మనలో దీపం ఆరిపోయిందని కూడా అనరు, కొండెక్కింది అంటారు. అలాంటిది తొమ్మిది వందల దీపాలు చేతులారా ఎలా ఆర్పుతారు? ఒక పెద్దావిడ చెవులు మూసుకుంది. మా ఆయన దీపం నేను ఆర్పనంటే ఆర్పనని ఇంకొకావిడ లేచి వెళ్లిపోబోయింది.

తవిటయ్య బాబాయి కర్రతో నేల మీద కొట్టాడు. "ఆర్పమని ఎవులన్నారమ్మా? ఇంటికి తెచ్చుకోమంటన్నాను. పసిపిల్లకి పాలిచ్చీసి మొకం మీద దీపమెట్టి రాత్రంతా దండాలు పెడతామేటి? దాన్ని పడుకోనియ్యండి. దీపం మీ ఇంట్లో ఎట్టుకోండి, తలుపులేసుకోండి."

ముందు లేచింది సన్యాసి. "మీ దీపాలు మొయ్యడానికి నానొస్తాను. నా నాలుగూ ఎలాగా లేవు కదా," అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వుతో పని అయిపోయింది. నిన్న వాడి చొక్కా పట్టుకున్న చేతులతోనే ఇప్పుడు దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. వాడు భయపడ్డాడు.

నాటిన 86వ రోజు

పొద్దు గూకే వేళకి అందరం పొలంలో ఉన్నాం. ఎవరి దీపం వాళ్లు కర్ర నుంచి విప్పి, కొంగుల్లో, బుట్టల్లో, పిల్లల చేతుల్లో ఇంటికి తెచ్చుకున్నాం. వరుసగా గట్ల మీద వస్తుంటే పెళ్లి ఊరేగింపులా ఉంది. నా లిఫ్టు దీపం ఇప్పుడు బియ్యం డబ్బా పక్కన ఉంది.

ఒక్క దీపం రాలేదు. పొలం నడిబొడ్డున ఉంది అది. వరాలుది.

వరాలు సింహాచలం కూతురు. మేం ఇక్కడికొచ్చిన మొదటి వానాకాలంలో జ్వరంతో పోయింది. నాలుగేళ్ల పిల్ల. మొదటి పంట అప్పటికి ఇంకా పొట్ట మీదే ఉంది. తర్వాత గట్ల మీద దీపాలు మొదలయ్యాక సింహాచలం పిల్ల పేరున ఒకటి ఇక్కడ పెట్టింది.

వెళ్లేసరికి సింహాచలం కర్ర పట్టుకుని నిలబడి ఉంది. నేనేమీ అనకముందే అంది. "అత్తా, నన్ను తిట్టు. కొట్టు. నా పిల్ల పుట్టినకాణ్ణించి ఆ పొడి నీళ్లే తాగినాది. ఈ పొలం అన్నం ఒక్క ముద్ద తినకండా ఎలిపోనాది. దాన్ని ఇక్కడ్నించి నాను తియ్యలేను."

వెనక నుంచి ఎవరో, ఒక్క దీపం కోసం ఊరు పోగొట్టుకుంటామా అన్నారు. ఇంకెవరో కర్ర పీకడానికి ముందుకొచ్చారు. నేను అడ్డం నిలబడ్డాను. నన్ను ముందు పీకండి అన్నాను. తప్పు చేసిన మనిషికి అంత గొంతు ఎక్కడిదో నాకే తెలీదు.

"ఉండనియ్యండి," అన్నాడు బాబాయి. "ఒక్క దీపం ఎంత మేరని పాడు సేస్తాది? ఆ మేర పోతే పోనీ."

ఇంటికొచ్చి తలుపు తీసి ఒక్కసారి బయటికి చూశాను. ఇన్నేళ్ల బతుకులో మొదటిసారి అంత చీకటి, ఆకాశం నిండా అన్ని చుక్కలు. నగరంలో దీపాలు, శిబిరంలో దీపాలు, ఇక్కడ నేను పెట్టిన దీపాలు. ఈ చుక్కలన్నీ ఇన్నాళ్లూ అక్కడే ఉన్నాయన్నమాట. నేను ఎవరికి చెప్పానో తెలీదు కానీ బాగున్నాయి అని పైకే అన్నాను.

నాటిన 101వ రోజు

పొట్ట రాలేదు. నీళ్లు సరిపడా ఉన్నాయి. కలుపు తీశాం. సన్యాసి కూడా తీశాడు, అడగకుండానే.

సన్యాసి మడిలో గింజ పాలు పోసుకుంటోంది. జనం పని మానుకుని వచ్చి దాన్ని చూసి పోతున్నారు. వాడు మడి దగ్గరే రెండు బల్లలు వేసి టీ అక్కడికే తెస్తున్నాడు.

పక్కింటాయన ఇంటి గోడ బోల్టులకి నూనె పెడుతుంటే చూశాను. తుప్పు పట్టకుండా అన్నాడు. అవునన్నాను. మధ్యాహ్నం నేను కూడా నా ఇంటి బోల్టులకి నూనె పెట్టాను. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

నాటిన 118వ రోజు

బాబాయి ఉత్తరం వైపు మడిలో దుబ్బు నొక్కి చూశాడు. ఇంకోసారి నొక్కాడు. నా చెయ్యి తీసుకుని దాని మీద పెట్టాడు.

ఉబ్బెత్తుగా ఉంది. లోపల మెత్తగా, నిండుగా.

"పొట్టమ్మా," అన్నాడు. ఆయన గుడ్డి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నేనైతే బురదలోనే కూర్చుండిపోయాను. ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికి ఊరంతా మడుల్లో వంగి కాండాలు నొక్కుతూనే ఉంది. వరిని ఇంతమంది ఒక్కసారి ముద్దు చెయ్యడం నేను చూడలేదు.

కానీ అధికారి మూడు రోజుల్లో వస్తుంది. వెన్ను బయటికి రావడానికి ఇంకా పది రోజులు పడుతుంది.

నాటిన 121వ రోజు

కొలతల అధికారి పొద్దున బండి దిగింది. నలభై ఏళ్ల మనిషి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, సంచిలో టేపు, చేతిలో కాగితం. మర్యాదగానే ఉంది. టీ తాగమంటే సన్యాసి మడి దగ్గర నిలబడే తాగింది. ఆ మడి అప్పటికి పసుపు తిరిగి వంగి ఉంది.

"ఇదొక్కటీ పండింది. మిగతాది పచ్చిగడ్డే కదమ్మా?" అంది.

పొట్ట వచ్చిందని చెప్పాం. కాండాలు చూపించాం. దీపాల కథ చెప్పాను, నా తప్పుతో సహా. ఆమె విన్నది. నమ్మినట్టు కనిపించలేదు.

"మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ ఒక్క మడి ముందు పండిందంటే మన్ను తేడా కావచ్చు, నీళ్ల తేడా కావచ్చు. ఈ పొట్టలు గింజ కట్టకుండా తాలుగా పోవని నాకేంటి నమ్మకం? నా కాగితంలో రెండు గళ్లే ఉన్నాయి, వెన్ను వచ్చింది, రాలేదు. పొట్ట అనే గడి లేదు. నేనేం చెయ్యను చెప్పండి?" అంది. మేం ఏడవకుండా నిలబడ్డాం, అంతే. ఆమె కలం తీసింది.

తీసి, పొలం నడిమికి చూసింది. "అక్కడ గుండ్రంగా ఆ తేడా ఏంటి?"

మేం నియమం పెట్టుకుని మేమే తప్పామని రాస్తుందేమోనని భయపడ్డాను. నా వెనక నుంచి సింహాచలం ముందుకొచ్చింది.

"అది నా పిల్ల దీపమమ్మా. అందరూ దీపాలు తీసీసినారు, నాను తియ్యలేదు. ఏటన్నా రాస్తే నా పేరు రాయండి, ఊరి పేరు రాయకండి."

అధికారి బూట్లతో మడిలోకి దిగింది. వెనకే మేం. దీపం కర్ర దగ్గర నిలబడి అంగలు వేసుకుంటూ ఇవతలికి వచ్చింది. పదకొండు, పన్నెండు, పదమూడు. అక్కడ ఆగి కాండం కోసి చీల్చింది. లోపల వేలెడంత వెన్ను, ముత్యాల్లాంటి పచ్చి గింజలు వరుసగా. ఒక్క అంగ వెనక్కి వేసి ఇంకో కాండం చీల్చింది. ఆకులో ఆకు, ఇంకేం లేదు. తూర్పుకి వెళ్లింది, పడమరకి వెళ్లింది. టేపు పట్టింది. ఎటు చూసినా పదమూడు అంగలే. దీపం వెలుగు పడినంత మేరా గుండ్రంగా గీత గీసినట్టు పొట్ట రాలేదు. గీత దాటితే ఒక్క దుబ్బు కూడా వట్టిది లేదు.

ఆమె చాలాసేపు ఆ దీపాన్నే చూసింది. "మన్నూ అదే, నీళ్లూ అవే," అంది తనలో తాను. "ఇది ఎవరూ కావాలని చేసి చూపించగలిగింది కాదు."

గట్టెక్కి కాగితం మోకాలి మీద పెట్టుకుంది. రెండు గళ్ల పక్కన చేత్తో మూడో గడి గీసింది. అందులో పొట్ట అని రాసి, ముప్పై రోజుల తర్వాత మళ్లీ చూడాలి అని రాసి సంతకం పెట్టింది.

సింహాచలం అక్కడే నిలబడి ఉంది. వెళ్లి కావలించుకున్నాను. ఆ రోజు కర్ర పీకడానికి వచ్చినతను కూడా వచ్చాడు. ఏం అనాలో తెలీక ఆమె కాళ్లకున్న బురద నీళ్లతో కడిగాడు.

నాటిన 160వ రోజు

అధికారి రెండోసారి వచ్చి తొమ్మిది రోజులైంది. ఈసారి మొదటి గడిలోనే రాసింది. పద్నాలుగో వలస నిలబడింది.

కోతలు ఇవాళ మొదలయ్యాయి. విత్తనానికి ముందు సన్యాసి మడి వడ్లే తీసి ఉంచాం, అన్నిటికన్నా ముందు పండాయి కాబట్టి. ఆ బస్తా మీద కూర్చుని వాడు టీ పోస్తుంటే ఎవరూ దిగమనలేదు. తవిటయ్య బాబాయికి ఆరో వలస నుంచి కబురొచ్చింది, వచ్చే వారం కళ్లకి ఆపరేషన్. తిరిగొచ్చాక ముందు ఏం చూస్తావు బాబాయ్ అంటే, చీకటి చూస్తానమ్మా, మీరెంత బాగా ఎట్టినారో అన్నాడు.

కొత్తబియ్యం అన్నం వండి పొలం మధ్యకే తీసుకెళ్లాం. సింహాచలం వరాలు కర్ర దగ్గర ఆకు వేసి ఒక ముద్ద పెట్టింది. తర్వాత కర్రకి కట్టిన దీపం విప్పడం మొదలుపెట్టింది.

"ఏటి చేస్తన్నావప్పా?" అన్నాడు సన్యాసి.

"తీసుకుపోతాన్రా. మళ్లీ ఏడు ఈ మేర గింజ ఆగిపోకూడదు కదా."

సన్యాసి వెళ్లి ఆమె చేతిలోంచి తాడు తీసుకుని మళ్లీ కట్టాడు. "పదమూడంగల గింజ తినకపోతే నాను చచ్చిపోతానేటి? ఉండనీ. ఆ పిల్లే లేపోతే మనమీపాటికి తలో ఊర్లో ఉండేవోళ్లం." అని దీపానికి ఒకసారి వంగి చూశాడు. బ్యాటరీ పాతబడిందన్నాడు. కొట్టుకి వెళ్లి కాగు కింద నుంచి కొత్తది ఒకటి తెచ్చి పెట్టాడు.

ఎవరూ కాదనలేదు. కూటం కూడా పెట్టలేదు. చుట్టూ కోసుకుంటూ వచ్చి ఆ గుండ్రం దగ్గర అందరి కొడవళ్లూ వాటంతటవే ఆగాయి. ఆ పచ్చ అలాగే ఉంది.

ఏడాది చివర పొలం కొలత ఈ పుస్తకంలో రాయాలి కాబట్టి రాస్తున్నాను. పద్నాలుగో వలస పొలం నూట యాభై ఎకరాలు. అందులో నడిమధ్య, చుట్టూ పదమూడు అంగలు, వరాలుది.